జర్మన్ సిల్వర్ పళ్ళెం

నా కుడి భుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. ముప్పై నాలుగేళ్ళుగా సుత్తి ఎత్తుతున్న భుజం మరి. మా తాస్కో ఊళ్ళో సగంమంది మగవాళ్ళ భుజాలు ఇలాగే ఉంటాయి, వాళ్ళంతా వెండిపనివాళ్ళు. వాళ్ళు వస్తువులు చేసి చేసి భుజాలు అరగదీసుకున్నారు. నేను వాళ్ళు చేసినవి చితక్కొట్టి అరగదీసుకున్నాను.

మా కొట్టు సాంతా ప్రిస్కా చర్చి వెనక మెట్ల సందులో ఉంటుంది. బోర్డు మీద మా నాన్న రాయించిన అక్షరాలే ఇంకా ఉన్నాయి: "వెండి కొంటాం. విరిగినా ఫరవాలేదు." విరిగినవి తెచ్చేవాళ్ళు తక్కువే. అమ్మమ్మ చెంచాలు, పెళ్ళినాటి గాజులు, జ్ఞానస్నానానికి మేనత్త పెట్టిన గ్లాసు, అన్నీ నిక్షేపంలాంటి వస్తువులే. ప్రతిదానికీ ఒక కథ. కొత్తల్లో వినేదాన్ని, ఒకళ్ళిద్దరితో కలిసి ఏడ్చాను కూడా. ఇప్పుడంత ఓపిక లేదు. కథ మొదలవగానే వస్తువు తూకం యంత్రం మీద పెట్టేస్తాను. అంకె కనపడగానే కథ దానంతటదే ఆగిపోతుంది.

ఇందులో మీకేం మిగులుతుందమ్మా అని అడుగుతుంటారు జనం. చెప్తాను, దాచి ఏం చేసుకోను. తూకంలో మాత్రం మోసం లేదు. యంత్రం చేత అబద్ధం చెప్పించొద్దు, చెప్పాల్సినవి మన నోరే చెప్పుకుంటుంది అనేవాడు నాన్న. గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి చూస్తే వన్నె వెయ్యికి తొమ్మిదివందల యాభై వచ్చిందనుకోండి, తొమ్మిదివందల ఇరవై ఐదు అంటాను. కరిగిస్తే తరుగు నూటికి రెండు పోతుంది, ఐదు అంటాను. రాళ్ళు పొదిగి ఉంటే ఊడబీకి, వీటికి విలువ లేదని వాళ్ళ చేతిలోనే పోస్తాను. కరిగించే కంపెనీవాడు శనివారం వచ్చి గ్రాముకి తొమ్మిది పెసోలు ఇస్తాడు, నేను ఏడు ఇస్తాను. డిసెంబరులో కొట్టు నేల ఊడ్చిన దుమ్మూ, పాత గుడ్డలూ, ఆఖరికి చీపురుతో సహా కాల్చి ఆ బూడిద కరిగిస్తే పండగ భోజనం ఖర్చు వచ్చేస్తుంది. ఇక మజూరీ మాటే లేదు. నెలరోజులు కూర్చుని చెక్కిన గొలుసైనా సరే, మా గడప దాటి లోపలికి వచ్చిందంటే దాని మజూరీ సున్నా.

అయినా ఇవన్నీ అద్దెకీ కరెంటుకీ సరిపోతాయంతే. నిజంగా మిగిలేది ఇంకోచోట. దానికి సుత్తి సంగతి చెప్పాలి.

కొన్న వస్తువు అమ్మినవాళ్ళ ఎదుటే చితక్కొట్టాలని మా నాన్న పెట్టిన రూలు. లోపల సిమెంటు దట్టించిన కొవ్వొత్తి స్తంభాలుంటాయి, కొడితే బయటపడతాయి. అది ఒక కారణం. రెండోది, మర్నాడు పొద్దున్నే వచ్చి మా అమ్మ ఏడుస్తోంది, తిరిగి ఇచ్చెయ్యండి అనే బేరం ఉండదు. సుత్తి పడిందంటే బేరం అయిపోయింది. నాన్న రోజుల్లో దాగలి, అదే వస్తువు పెట్టి కొట్టే ఇనపదిమ్మ, బల్ల మీదే ఉండేది. ఒకసారి ఒక విధవరాలు నా ఎదుటే కళ్ళు తిరిగి పడిపోయింది, అప్పట్నుంచి దాన్ని బల్ల కిందికి మార్చాను. అటువైపున్నవాళ్ళకి కనపడదు, చప్పుడు వినపడుతుంది. చాలామందికి అదే నయం, కళ్ళు మూసుకునే పని తప్పుతుంది.

దాగలి కిందికి పోయాక నాకు ఒక బుద్ధి పుట్టింది. పాత జర్మన్ సిల్వర్ పళ్ళెం ఒకటి, పేరుకే సిల్వర్, వెండి రవ్వంత కూడా ఉండదు, దాని పక్కన పెట్టుకున్నాను. ఏదైనా మంచి వస్తువు, ముద్ర ఉన్న వస్తువు వస్తే దాన్ని మెల్లిగా సొరుగులోకి జార్చి, ఆ పళ్ళేన్ని నాలుగు బాదుతాను. అమ్మినవాళ్ళు తలొంచుకుని డబ్బు తీసుకుని వెళ్ళిపోతారు. నెలకోసారి రాజధాని నుంచి అల్దామా గారని పాత సామాను షాపాయన వస్తాడు. కొండమీద పిచ్చుక గుర్తు వెండి కార్ఖానా ఉండేది చూడండి, మూతబడి ఆరేళ్ళయింది, ఆ పిచ్చుక ముద్ర కనపడితే చాలు ఆయన బరువుకొచ్చే ధరకి ఐదింతలు, ఆరింతలు ఇస్తాడు. ఏడాదికి అలాంటివి నాలుగైదు తగిలితే నా కొట్టు నిలబడినట్టే. ఇదీ మా లాభం. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ అలవాటైపోయిన పనికి సిగ్గెక్కడ మిగులుతుంది.

ఆ ముద్ర ఉన్న వస్తువులు అందరికంటే ఎక్కువ తెచ్చినవాడు దోన్ ఫిలెమోన్ అనే పెద్దాయన. కార్ఖానాలో నలభై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. అది మూసేసినప్పుడు యజమాని ఆఖరి జీతాలకి బదులు అల్మరాల్లో మిగిలిన సామాను పంచి పంపించేశాడు. ఈయన వాటాకి తొమ్మిది వచ్చాయి, అన్నీ ఆయన చేత్తో చేసినవే. చక్కెర గిన్నె, రెండు పళ్ళాలు, పాలచెంబు, ఇలా ఆరేళ్ళలో ఒక్కొక్కటే తెచ్చాడు. తొమ్మిదిటికీ గ్రాముకి ఏడు లెక్కనే ఇచ్చాను, తొమ్మిదిసార్లూ పళ్ళెం బాదాను. ప్రతిసారీ ఆయన మొహంలో ఏదో చిన్న నవ్వు కనిపించేది. పిచ్చి ముసలాయన అనుకునేదాన్ని.

మొన్న అక్టోబరులో గురువారం నాడు వచ్చాడు పదోసారి. గురువారమంటే మా ఊరంతా పచ్చ పొసోలే, అదే మొక్కజొన్న పులుసు వాసన. ఎదురు హోటలు నుంచి నాకూ ఒక గిన్నె తెప్పించుకుని మొక్కజొన్న గింజల మీద నిమ్మకాయ పిండుకుంటున్నాను. ఆయన మెట్లమీద రెండుచోట్ల ఆగి, ఆయాసం తీర్చుకుని, ఏదో బరువైన మూట చంకలో పెట్టుకుని దిగి వచ్చాడు.

"ఏం పిల్లా, జనాన్ని దోచుకోవడం ఇంకా ఆపలేదా?" అన్నాడు గుమ్మంలోంచే.

"మీరు అమ్మడం ఆపండి, నేను దోచుకోవడం ఆపుతాను. రండి, కూర్చోండి."

"కూర్చుంటే లేవలేను. అయినా నాకు పెట్టకుండా తింటున్నావా? పాపం చుట్టుకుంటుంది."

సగం ఇంకో గిన్నెలో పోసి ఇచ్చాను. నిలబడే తిన్నాడు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, గింజ కింద పడకుండా తింటాడు.

"దోన్యా ఎల్పిదియా ఎలా ఉన్నారు?" అని అడిగాను. ఆయన భార్య.

"ఎలా ఉంటుంది? నిన్న చక్కెర అనుకుని కాఫీలో ఉప్పు వేసింది. తాగేశాను."

"చెప్పొచ్చు కదా!"

"చెప్తే ఏడుస్తుంది. ఆ ఏడుపు కంటే ఉప్పు కాఫీ నయం." గిన్నె బల్లమీద పెట్టి మూతి తుడుచుకున్నాడు. "శుక్లాలు బాగా ముదిరిపోయాయి ఎర్మిలా. ఇగ్వాలాలో డాక్టరమ్మ ఈ సోమవారానికి తేదీ ఇచ్చింది. ముందు కుడికన్ను. తొమ్మిది వేల ఐదువందలు కట్టాలి. ఇప్పుడు తప్పితే ఆవిడ మళ్ళీ మార్చిలో గానీ రాదు, అప్పటికి చెయ్యడానికేం మిగలదంది."

మూట విప్పాడు. పనిలో కట్టుకునే పాత తోలు గుడ్డలో చుట్టి ఉంది, ఒక కూజా.

నేను వెండి చూసి ఆశ్చర్యపోవడం మానేసి ఏళ్ళయింది. అయినా నా గిన్నె పక్కకి జరిపి దాన్ని దగ్గరికి లాక్కున్నాను. ఒక్క రేకు నుంచి సాగదీసి లేపిన కూజా, ఎక్కడా అతుకు లేదు. పూలు లేవు, చెక్కడాలు లేవు. నీళ్ళు పోసే మూతి దగ్గర కొద్దిగా వంపు తిరిగి ఆగింది. పిడి మీద ఒకచోట చిన్న గుంట ఉంది.

"ఇదేంటి, దెబ్బ తగిలిందా?"

"దెబ్బేంటి నీ మొహం! అది ఎల్పిదియా బొటనవేలు. మైనం మీద నొక్కించుకుని దాని ప్రకారం చేశాను. కనపడకపోయినా పట్టుకోగానే తెలియాలిగా, ఎటు ఒంపాలో. రెండేళ్ళు పట్టింది, చేతులు వణుకుతున్నాయి మరి. అయ్యేసరికి ఆవిడకి వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. తడిమి చూసిందంతే."

"మరి ఇది అమ్మేస్తే ఎలా? ఆవిడ చూడనే లేదంటున్నారు."

"కన్ను వచ్చాక చూస్తుందిలే," అన్నాడు, అదే చిన్న నవ్వుతో.

ఆ మాట విన్నాను. విని కూడా ఏమిటని అడగలేదు. చేతులు మాత్రం అలవాటు కొద్దీ కూజాని బోర్లించి అడుగు చూశాయి. నున్నగా ఉంది.

"దీనికి ముద్ర లేదే."

"ముద్రెందుకు? కార్ఖానాది కాదుగా. నాది. ఇంట్లో, నా బల్ల మీద చేసింది."

నాకు అల్దామా గారి వేలు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఎవరిదో ముద్ర లేని గిన్నె చూపిస్తే చూపుడు వేలితో నా వైపుకి నెట్టేసి, ముద్ర లేకపోతే ఒట్టి లోహమేనమ్మా, కరిగించుకో అన్నాడు. ముద్ర లేని వస్తువుని శనివారం సంతలో పెట్టినా ఎవరూ ముట్టుకోరు. అంటే ఈ కూజాకి నా దగ్గర ఉన్న విలువ బరువు ఒక్కటే. యంత్రం మీద పెట్టాను. వెయ్యిన్నూట నలభై గ్రాములు.

ఏడు చొప్పున ఎనిమిది వేలు కూడా రావు. ఆవిడ కంటికి సరిపోవు. అప్పుడు నాకు ఒక మంచి ఆలోచన వచ్చింది. మంచిదనే అనుకున్నాను, దేవుడి తోడు. ఈ మనిషిని తొమ్మిదిసార్లు మోసం చేశాను, ఈ ఒక్కసారి చెయ్యను. కంపెనీవాడు నాకిచ్చే తొమ్మిదీ ఈయనకే ఇచ్చేస్తాను, నాకు పైసా వద్దు. తరుగు కూడా పట్టను. పళ్ళెం నాటకం కూడా వద్దు, ఆయన ఎదుటే నిజంగా కొడతాను. ఆ కూజాలో బరువు తప్ప నాకు వచ్చేదేమీ లేదు కనకే అంత నిజాయితీ పుట్టుకొచ్చిందని అప్పుడు తట్టలేదు. లాభం లేనిచోట నిజాయితీ చవగ్గానే దొరుకుతుంది.

"పదివేల రెండువందల అరవై," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "ఇవాళ ఒంట్లో బాగాలేదా ఏంటి? జ్వరమా?"

"వెటకారాలు చాలు. మీకు తొమ్మిది చొప్పున ఇస్తున్నాను. దోన్యా కన్ను బాగవ్వాలి."

"బాగవుతుంది. సరే, కొట్టు మరి. ఎప్పట్లాగే కొట్టు, విని పోతాను." ఒక కన్ను కొట్టాడు కూడా. ముసలాడి సరసం అనుకున్నాను.

నేను వంగి, దాగలిని రెండు చేతులా లేపి బల్ల మీద పెట్టాను. నడుం కలుక్కుమంది.

"అది పైకెందుకు తెచ్చావు?"

"మీరు చూస్తుండగా కొడదామని. మీ దగ్గర ఇంక దాపరికం వద్దు."

ఆయన నవ్వాడు. నేనేదో కొత్త ఆట మొదలుపెట్టాననుకున్నాడు పాపం. కూజాని పక్కకి పడుకోబెట్టి సుత్తి ఎత్తాను. నా చెయ్యి ఎప్పుడూ ఒక్క దెబ్బతో ఆగదు, మూడు పడితేగానీ ఆగదు. మొదటి దెబ్బకి మూతి మడతపడింది. రెండోదానికి పొట్ట లోపలికి పోయింది. మూడోదానికి రెండు వైపులూ ఒకదానికొకటి అతుక్కున్నాయి.

ఆయన మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది, తీసేయడం మర్చిపోయినట్టు.

"పళ్ళెం ఏది?" అన్నాడు.

"ఏ పళ్ళెం?"

"నువ్వెప్పుడూ కొట్టే పళ్ళెం. జర్మన్ సిల్వర్‌ది. అదేది ఎర్మిలా?"

సుత్తి కింద పెట్టడానికి కూడా నాకు చేతకాలేదు. "మీకు... తెలుసా?"

"నలభై ఒక్క ఏళ్ళు వెండి కొట్టినవాణ్ణి. వెండి మెత్తగా పలుకుతుంది, అది రేకు డబ్బాలా మోగుతుంది. మొదటిసారే తెలిసిపోయింది. చక్కెర గిన్నె అమ్మి ఆ మెట్లెక్కుతుంటే నాకు పాట పాడుకోవాలనిపించింది తెలుసా? ఎర్మిలాకి చెయ్యి రాలేదు, కొట్టలేకపోయింది అని ఇంటికెళ్ళి ఎల్పిదియాకి చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం."

"మరి డబ్బు? ఏడుకే కొన్నాను కదా మీ దగ్గర?"

"కొంటావు. నువ్వూ బతకాలిగా. పనితనం తెలిసిన పిల్ల చేతిలో ఉన్నాయి, ఎక్కడో చోట చెడకుండా ఉంటాయి, అది చాలనుకున్నాను."

నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ అలిసిపోయిన మనిషికి అబద్ధం చెప్పే ఓపిక కూడా ఉండదు. "నేను చూసింది పనితనం కాదు దోన్ ఫిలెమోన్. పిచ్చుకని."

"పిచ్చుకనా?"

"అడుగున ముద్ర. దానికి డబ్బొస్తుంది. అల్దామా గారికి అమ్మేశాను."

"తొమ్మిదీ?"

"తొమ్మిదీ."

ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. అరుస్తాడేమో, తిడతాడేమో అని చూశాను, తిడితే బావుండు అనిపించింది. నాతో కాదన్నట్టు అన్నాడు. "ఆ ముద్ర దిమ్మ నా చేతిలోనే ఉండేది ముప్పై ఏళ్ళు. శనివారం సాయంత్రాలు వారమంతా అయిన సరుకంతటికీ నేనే గుద్దేవాణ్ణి. దీనికీ ఒకటి గుద్దుంటే సరిపోయేదన్నమాట."

"ఇంకో పదివేలిస్తాను. ఇరవైవేలు తీసుకోండి. రెండో కంటికి..."

"తూకం ఎంత అన్నావు?"

"వెయ్యిన్నూట నలభై."

"దానికెంత వస్తుందో అదియ్యి చాలు."

ఇచ్చాను. లెక్కపెట్టకుండా చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. తోలు గుడ్డ మడతపెట్టుకుంటూ ఉంటే చేతులు కుదరలేదు, నేను పట్టుకోబోతే వద్దన్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఎల్పిదియాకి చెప్పాను, ఎర్మిలా అల్మరాలో భద్రంగా ఉంటుంది, కన్ను తెరిచాక మొట్టమొదట అక్కడికే తీసుకెళ్ళి చూపిస్తాను అని. ఇప్పుడు దానికేదో ఒకటి చెప్పుకోవాలి."

మెట్లెక్కడం చూస్తూ నిలబడ్డాను. ఈసారి నాలుగుచోట్ల ఆగాడు.

ఆ శనివారం కంపెనీవాడు వచ్చి సంచీ నింపుకున్నాడు. కూజా ఇవ్వలేదు, సొరుగులో అడుగున పెట్టేశాను. పై శనివారమూ ఇవ్వలేదు. సొరుగు తెరిచినప్పుడల్లా అది తగిలేది. సాగదీయించి మళ్ళీ కూజాగా లేపించవచ్చా అని ఇద్దరు పనివాళ్ళని అడిగాను. ఒకడు లోపలంతా పగుళ్ళు పట్టుంటుందన్నాడు. రెండోవాడు కాసేపు తిప్పితిప్పి చూసి, దీన్ని చేసిన చెయ్యే మళ్ళీ చెయ్యాలి, నావల్ల కాదన్నాడు. ఆపరేషన్ బాగా జరిగిందని మాత్రం ఊళ్ళో విన్నాను. అల్దామా గారు వస్తే ఏమీ లేవని పంపించేశాను. నిజానికి ఒక పాత ఉంగరాల పెట్టె ఉంది, పిచ్చుక ముద్రతో సహా. చూపించబుద్ధి కాలేదు.

చచ్చిపోయినవాళ్ళ పండగ వెళ్ళిన తర్వాతి సోమవారం మా ఊరు ఊరంతా హుయిస్తేకో కొండెక్కుతుంది, జుమిల్ పురుగులు ఏరుకుని తినడానికి. కొట్లన్నీ మూసేస్తారు. నా మోకాళ్ళు కొండెక్కే మోకాళ్ళు కావు, అందుకని తెరుచుకుని కూర్చున్నాను. పదకొండింటికి గుమ్మంలో ఎవరో నల్ల కళ్ళద్దాల ఆవిడ నిలబడి పైకి చూస్తోంది.

"'వెండి కొంటాం. విరిగినా ఫరవాలేదు,'" అని కూడబలుక్కుంటూ చదివింది. "ఫరవాలేదుట! ఎవరు రాయించారమ్మా ఇది?"

దోన్యా ఎల్పిదియా. నేను లేచి కుర్చీ వేశాను. 

"ఆయన మనవలతో కొండకి వెళ్ళారు. కాళ్ళు నొప్పులని నేను ఉండిపోయాను. ఎవర్నీ అడక్కుండా వచ్చాను తల్లీ, బోర్డులు చదువుకుంటూ. మధ్యలో మందుల షాపు, బూట్ల షాపు, అన్నీ చదివాను." సంతోషం ఆపుకోలేకపోతోంది. కూర్చుని చుట్టూ చూసింది. గోడలూ, యంత్రమూ, ఖాళీ అల్మరా. "నా కూజా ఎక్కడ పెట్టావు? ఎప్పుడు తీసుకెళ్తారంటే ఇవాళ రేపు అంటున్నారాయన. నేనే వచ్చేశాను."

"అమ్ముడుపోయింది దోన్యా," అన్నాను. "రాజధాని నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. చూడగానే మనసు పడ్డాడు. అద్దాల పెట్టెలో పెట్టుకుంటానన్నాడు."

"ఎంతకి?"

"అరవై వేలకి." ఎందుకన్నానో ఆ అంకె.

"అబ్బో!" అంది. కళ్ళద్దాలు సర్దుకుంది. "బాగానే చెప్పావు. కానీ అంత పెద్దమనిషి అంత మనసు పడి కొనుక్కుంటే, మా ఆయన మూడు వారాల నుంచీ సుత్తి ముట్టుకోకుండా గోడకేసి చూస్తూ ఎందుకు కూర్చున్నట్టు? నేను కాఫీలో ఉప్పు వేస్తే కూడా నవ్వే మనిషి."

"మీకు తెలుసా, ఉప్పు సంగతి?"

"కళ్ళు పోయాయి గానీ నాలుక పోలేదుగా నాకు. నా కప్పులోనూ అదే ఉప్పు. తియ్యి, ఏముందో తియ్యి."

సొరుగు లాగి, దాన్ని తీసి బల్లమీద పెట్టాను. "నేనే కొట్టాను. ఆయన తప్పేం లేదు. ముద్ర లేదని కొట్టాను."

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. కుడికన్ను ఇంకా ఎర్రగా ఉంది, నీరు కారుతోంది. వంగి, దగ్గరగా చాలాసేపు చూసింది. ఒకవైపు తిప్పి చూసింది, ఇంకోవైపు తిప్పింది. ఎటు పైకో ఎటు కిందకో కూడా తెలియడంలేదని నాకు అర్థమైంది. రెండేళ్ళు ఆశపడి చూడాలనుకున్న వస్తువు, ఒక చదునైన ముద్ద. నేను ఏడుస్తున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ బల్ల వెనక నిలబడి ఏడవడం అదే.

అప్పుడు ఆవిడ కళ్ళు మూసేసుకుంది. వేళ్ళతో తడుముకుంటూ పోయి, మడతల మధ్య పిడి పట్టుకుంది. బొటనవేలు గుంటలో సరిగ్గా కూర్చుంది. సుత్తి అక్కడ పడలేదు.

"ఇదే," అంది. కళ్ళు తెరవలేదు.

"తీసుకెళ్ళిపోండి దోన్యా. డబ్బేం వద్దు."

"ఊరికే తీసుకెళ్తే ఆయన ఊరుకోరు. ముందు తూకం వెయ్యి. మొత్తం ఉందో లేదో చూడాలి."

యంత్రం మీద పెట్టాను. అంకెలు కాసేపు ఆడి ఆగాయి. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది, నేనే చదువుతానని. వంగి, ఆ ఎర్రబడ్డ కంటితో ఒక్కొక్క అంకే చదివింది.

"ఒకటి. ఒకటి. నాలుగు. సున్నా." నా వైపు తిరిగింది. "ఆ రోజెంత ఉందన్నావుట?"

"అంతే ఉంది దోన్యా," అన్నాను. "ఒక్క గ్రాము కూడా తగ్గలేదు."